దారికి అడ్డంగా నిలబెట్టిన మనిషి

1943 జూన్‌లో నన్ను గుంటూరు నుంచి పల్నాడుకు, మాచర్ల దారిలో ఉన్న ఒక చిన్న స్టేషనుకు సబ్ ఇన్‌స్పెక్టరుగా బదిలీ చేశారు. యుద్ధకాలం కావడంతో పర్మిట్టు లేకుండా ధాన్యం జిల్లా దాటకూడదు. కొందరు వడ్లను లారీల్లో కృష్ణా నది ఒడ్డుకు చేర్చి, పుట్టీలనే గుండ్రటి వెదురు పడవల మీద అవతలి నైజాం ఇలాకాకు దాటించేవారు. ఆ లారీలను ఆపి తనిఖీ చేయడం మా పని.

మొదటి నెలలోనే మూడు లారీలు మేము చెయ్యి చూపినా ఆగకుండా పోయాయి. వెంటపడటానికి స్టేషనులో ఉన్నవి రెండు సైకిళ్లు. పై నుంచి సంజాయిషీ అడుగుతూ కాగితాలు వచ్చేవి. నాకు కాలు నిలిచేది కాదు. భోజనం మధ్యలో ఇంజను మోత వినిపించినా లేచి రోడ్డు మీదికి వెళ్లేవాణ్ణి.

హెడ్ కానిస్టేబుల్ దావీదు నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. రోడ్డు పక్కన కాదు, నడిమధ్యన నిలబడమని, మనిషిని చూస్తే ఎవడైనా ఆగుతాడని ఆయనతో అన్నాను.

"ఆగకపోతే ఏందయ్యా?" అని అడిగాడు. నేను ఎర్రజెండా తీసి ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని తీసుకుని వెళ్లాడు.

మర్నాడు ఉదయం వచ్చిన లారీ జెండా చూసి కొంచెం నెమ్మదించి, అంతలోనే జోరందుకుంది. దావీదు పక్కకు దూకాడు గాని కుడికాలు చక్రం కింద పడింది. గుంటూరు ఆసుపత్రిలో మోకాలి కింద నుంచి కాలు తీసేశారు.

లారీ నంబరును బట్టి నాలుగో రోజున డ్రైవరు మస్తాన్‌ను నరసరావుపేటలో పట్టుకున్నాను. అప్పటికే లారీ ఖాళీ. ఎందుకు ఆపలేదని అడిగాను.

"ఆపితే సరుకు దొరికిద్ది, లారీ పోద్ది, నాకు జైలు. ఆపకపోతే జరిమానా. అది షావుకారే కడతాడు" అన్నాడు.

మనిషి కనపడలేదా అన్నాను. తల వంచుకుని, "కనపడ్డాడయ్యా. తప్పుకుంటాడనుకున్నా" అన్నాడు.

ఆగుతాడని నేను అనుకున్నాను, తప్పుకుంటాడని అతను అనుకున్నాడు. కాలు పోయింది దావీదుకు.

అజాగ్రత్తగా నడిపి గాయపరిచినందుకు మస్తాన్‌కు కొద్ది నెలల శిక్ష పడింది. పోలీసు ఆపమంటే ఆగనందుకు పడింది స్వల్ప జరిమానా మాత్రమే. చట్టంలో ఉన్నదే అంత. ధాన్యం కేసు నిలవలేదు. పారిపోవడాన్నే పెద్ద నేరంగా చూసి జైలు వేయాలని, లైసెన్సు రద్దు చేయాలని సర్కిల్ ఇన్‌స్పెక్టరుకు నివేదిక రాశాను. అందులో దావీదును మధ్యలో నిలబడమన్నది నేనేనన్న మాట మాత్రం లేదు.

చిత్తుప్రతి పట్టుకుని ఆసుపత్రికి వెళ్లి చదివి వినిపించాను. ఆయన చివరిదాకా విన్నాడు. "మీరు చెప్పిన మాట గూడా రాయండయ్యా. నా అంతట నేనే పోయి నిలబడ్డానంటే పింఛనుకు అడ్డమొస్తది" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. నేను మాత్రం ఆ మంచం పక్కన కూర్చోలేకపోయాను.

రాశాను. దావీదుకు పింఛను మంజూరైంది. నాకు ఒక ఏడాది ఇంక్రిమెంటు ఆగింది. శిక్ష పెంచాలన్న ప్రతిపాదన పరిశీలనలో ఉందన్న జవాబే నేను ఆ స్టేషను వదిలేదాకా వచ్చింది.

పట్టుబడటం కంటే పారిపోవడం చౌక అయినంతకాలం పారిపోయేవాళ్లు ఉంటారు. చట్టం మార్చడం నా చేతిలో లేదు. ఆ తరువాత ఎక్కడ పనిచేసినా, తనిఖీకి ముందు రోడ్డుకు అడ్డంగా రెండు ఖాళీ ఎద్దుబండ్లు పెట్టించాను. మనిషిని మళ్లీ నిలబెట్టలేదు.