తాతయ్య చెప్పిన ఇటాలియన్ కథ

ఫోన్‌లో ఇటాలియన్ కామెడీ ఒపెరా ఒకటి తగిలింది. పాట వినగానే ఆమదాలవలసలో వయొలిన్ నేర్పే మా తాతయ్య గుర్తొచ్చాడు.

నాకప్పుడు ఏడేళ్లు. అమ్మ ఫోన్ లాక్కుందని అన్నం మానేసి ఏడుస్తున్నాను. తాతయ్య టీవీలో ఈ పాటల నాటకమే పెట్టి, తాళం వేస్తూ నవ్వుతున్నాడు. తెరమీద పాతకాలపు విగ్గు పెట్టుకున్న గౌను పిల్ల ఒకటే ఆవేశపడుతోంది.

"ఏమంటోంది తాతా?"

"ఫోనిచ్చేదాకా తిన్నంటన్నాది. నీలాటి కోపిష్టిదేనే!"

"మరి తిందా?"

"సూడు, అందరూ ఎలా పాడతన్నారో! బోయినానికి రాయే తల్లీ అని బతిమాలతన్నారు."

నేనూ తినేశాను. విగ్గుల కాలంలో ఫోన్లెక్కడివని తట్టలేదు. తాతయ్యకి ఇటాలియన్ వచ్చని బడంతా చెప్పాను.

ఇప్పుడు సబ్‌టైటిల్స్ చదివితే, ఆ పిల్ల గొడవంతా ముసలి పెళ్లికొడుకు వద్దని. అన్నం ఊసే లేదు.

సబ్‌టైటిల్స్ ఆపేసి, పాట మళ్లీ మొదటినుంచి పెట్టాను.