విత్తనం చెరకు

బెల్లం వండే రోజుల్లో నాకు ఎవరు అడ్డొచ్చినా కోపమే. పోయిన మాఘంలో ఆ పొద్దున మరీను. నా రొమ్ములో గడ్డ నుంచి ముక్క తీసి పరీక్షకి పంపారు. ఫలితం ఆ రోజే ఫోనులో చెబుతానన్నాడు విశాఖపట్నం డాక్టరు. మేమిచ్చిన నంబరు మా ఆయనది. ఆయన ఫోను జేబులో పెట్టుకుని, గానుగలోకి చెరకు తోస్తూ, నా మొహం చూడకుండా తిరుగుతున్నాడు.

ఫోనొచ్చిందా అని మూడుసార్లు అడిగాను. రాలేదన్నాడు. నాలుగోసారి అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. పెనంలో రసం మరుగుతోంది, పొంగిందంటే నేలపాలే. నురుగు తీస్తున్నాను గాని కళ్లు ఆయన జేబు మీదే. దాచుకోవడం ఎందుకు, చచ్చిపోతానేమోనని భయమేసింది.

పొయ్యిలోకి పిప్పి తెద్దామని గానుగ దగ్గరికి వెళ్లాను. అక్కడున్న చెరకు మోపుకి నా పాత ఆకుపచ్చ చీర పీలిక వేలాడుతోంది. వచ్చే ఏడు పంటకి విత్తనంగా మంచి చెరకు ఎంచి, దానికి గుడ్డ కట్టడం పాతికేళ్లుగా మా ఇంట్లో నా పని. గుడ్డ కట్టిన వరస మీద కత్తి పడదు. ఆ వరసే నరికించేశాడు. సగం అప్పటికే గానుగలోకి పోయింది.

వచ్చే ఏడు తోట వద్దనుకున్నాడంటే ఫోను వచ్చేసినట్టే. వెళ్లి గానుగ ఇంజను ఆపేశాను. పనివాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు.

"ఫోనెప్పుడొచ్చింది మావా?"

"తెల్లారగానే. అదేనంట. రేపే వచ్చి జాయినవ్వమన్నాడు." చేతిలో చెరకు కింద పడేసి అన్నాడు, "నువ్వు లేపోతే నాకీ తోటెందుకే?"

నేనింకా నిలబడుండగానే నన్ను కాటికి పంపేశావా అని తిట్టాను. తిడుతూనే ఏడ్చాను. ఈలోగా పాకం ముదురుతోందని ఎవరో కేకేశారు. ఏడుపు ఆపి, అందరం పట్టి పెనం దించాం. బెల్లం కొంచెం నల్లబడింది.

మిగిలిన మోపు పక్కకి లాగించి ముక్కలు కొట్టాను. దుక్కి సిద్ధంగా ఉన్న మడిలో నేను ముక్కలు పరుస్తుంటే, ఆయన వెనకాలే కాలితో మట్టి కప్పుకుంటూ వచ్చాడు. సగం సాళ్లు ఖాళీగానే ఉండిపోయాయి.

ఇంకా నరకని చెరకు దగ్గరికి ఆయన్ని తీసుకెళ్లి, చీర పీలికలు చేతిలో పెట్టాను. ఆ ఖాళీ సాళ్లకి మంచిది ఎంచమంటే అన్నిటికంటే పొడుగుదానికి కట్టబోయాడు. పాతికేళ్లుగా రైతు, ఇదీ తెలివి.

"పొడుగు కాదు, కన్ను సూడు. కన్ను సితికితే మొలక రాదు. రేపు బస్సెక్కేస్తాం, ఇయ్యాలే నేర్సుకో."

ఒక్కో కణుపూ వేలితో తడిమి చూశాడు. మూడో చెరకు సరిగ్గా ఎంచాడు. పీలిక చుట్టి, ముడి మీద ముడి, ముడి మీద ముడి వేస్తూనే ఉన్నాడు.

చాల్లే, మిగతా వాటికి ఎప్పుడు కడతావని కసిరాను.