గులాబీ వాసన వేసిన యిట్రియం ఫ్లోరైడ్

ఎం.ఎస్సీ. ప్రాజెక్టు కోసం నెల రోజులు అవస్థపడి చిటికెడు యిట్రియం ఫ్లోరైడ్ తయారుచేశాను. అరుదైన లోహంతో చేసే ఆ తెల్లటి పొడి నీళ్లలో కరగదు. మర్నాడు ముంబైలోని ల్యాబులో పరీక్షకు ఇవ్వాలని ప్లాస్టిక్ సీసాలో పోసి భివండిలోని మా ఇంటికి తెచ్చాను.

ల్యాబులో ఆపరేటర్ మూత తీసి, "మేడమ్, గులాబీ వాసన వస్తోందేంటి?" అన్నాడు. మెషిన్ కూడా అది టాల్కం పౌడరని తేల్చింది. మా గైడ్ చూసిన చూపుకు తల ఎత్తలేకపోయాను.

అనుమానం వచ్చి, మా ఇంటి కిందే పవర్‌లూమ్ నడిపే మేనమామకు ఫోన్ చేశాను.

"అవు బిడ్డా, బట్ట థాన్ మీద నూనె మరక పడ్డది. నీ పొడంత సల్లి రుద్దిన. నువ్వు బాధపడ్తవని మీ అమ్మ మొఖానికి పూసుకునే పౌడర్ సీసల నింపి పెట్టిన."

"పౌడర్ ఇంట్లనే ఉంటే నాదెందుకు సల్లినవ్ మామా?" అని అరిచాను.

"నీది పెద్ద సదువుల పౌడర్ గదా, మంచిగ పనిచేస్తదనుకున్న. మరకైతే పోలే బిడ్డా. ఇంకొంచెం మంచిగ సదువు."

మళ్లీ నెల రోజులు కష్టపడి ఆ పొడి చేశాను. ఈసారి ఇంటికి తేలేదు. మామ అన్న ఆ చివరి మాట మాత్రం ఎంత రుద్దినా పోవడం లేదు.