అత్తగారి ఊరు, అల్లుడి రియాక్టర్

లాండ్రీలో బాయిలర్ చూసుకునే ఆ మనిషికి కాలు ఒకచోట నిలవదు. ఒత్తిడి చూపే ముల్లు బుద్ధిగా ఉన్నా సరే, అద్దం మీద వేలితో తట్టి చూస్తే గాని తృప్తి ఉండదు. తోటివాళ్ళు "కంగారు" అని పేరు పెట్టారు. పెట్టకపోతే ఆశ్చర్యపడాలి.

అలాంటివాడికి అత్తగారు పని పురమాయించింది. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆవిడ కూతురింట్లో ఉంటూ, దిమ్మలు పేర్చి ఇళ్ళు కట్టే కంప్యూటర్ ఆటలో పడింది. చూస్తుండగానే ఊరే కట్టేసింది. వంతెనలు, గాజు తోటలు, మోకాళ్ళు నొప్పి పుట్టకుండా ప్రతి మేడకీ లిఫ్టు.

"దీనికి కరెంటు మీరివ్వాలి అల్లుడుగారూ," అంది.

ఆటకి ఎవరో అదనంగా తగిలించిన సరంజామాలో అణు రియాక్టర్ ఉంది. కంగారు దాన్ని ఊరి పక్కనే కట్టాడు. ఇక చూడాలి అవస్థ! వేడి పెరిగినప్పుడల్లా మీట నొక్కి, దాన్ని అణిచే కడ్డీలు దించాలి, లేదంటే ఊరు పేలిపోతుంది. లాండ్రీలో కూడా ఫోన్లోంచి ఆటలోకి దూరి వేడి చూసుకునేవాడు.

"ఆదివారం నాతో పార్కుకి రా. ఫోన్ ఇంట్లోనే ఉండాలి. ఏం కొంప మునగదులే," అంది భార్య.

అందుకని ఆటలోనే ఒక కంప్యూటర్ అమర్చి, వేడి హద్దు దాటగానే కడ్డీలు వాటంతటవే దిగేలా ప్రోగ్రాం రాశాడు. రియాక్టర్ దగ్గరి పాత మీట పీకేశాడు. కంప్యూటర్‌ను కొండ అవతల, ఆటలోని తన ఇంట్లో పెట్టి తాళం వేశాడు. అక్కడే నిలబడి, కావాలని వేడి పెంచి చూశాడు. కడ్డీలు చక్కగా దిగాయి.

పార్కులో కాలుగాలిన పిల్లిలా తిరిగి, భార్యను మాట పూర్తి చేయనివ్వకుండా ఇంటికి లాక్కొచ్చాడు.

అత్తగారు తెర ముందు కదలకుండా కూర్చుని ఉంది. ఊరున్న చోట పెద్ద గొయ్యి.

అతనికి అప్పుడు వెలిగింది. ఆ ఆటలో ఆడేవాళ్ళెవరూ లేని చోట అన్నీ ఆగిపోతాయి. తను ఆటలోంచి బయటికి రాగానే కొండ అవతల కంప్యూటర్ ఆగిపోయింది. ఊళ్ళో అత్తగారు ఉంది గనుక రియాక్టర్ మాత్రం మండుతూనే ఉంది. సిగ్గుపడుతూ ఆ సంగతి అత్తగారికి చెప్పాడు.

"ఎర్రదీపం చూశాను. పరుగెత్తుకెళ్ళాను. నొక్కడానికి అక్కడ ఏమీ లేదు," అందావిడ. "ఊరు నాది కదా, ఆ కంప్యూటర్ మీ ఇంట్లో ఎందుకు పెట్టారు?"

అబద్ధం కోసం వెతికాడు, దొరకలేదు.

"మీరు ముట్టుకుంటారేమోనని, అత్తయ్యా."

ఆవిడ గొయ్యి వైపే చూస్తూ తల ఊపింది.

"ముట్టుకోలేదుగా," అంది.