పగడం తరఫున కూర్చున్న మనిషి

అలెగ్జాండ్రియాలో ఫొటో స్టూడియో మూసేసి ఇంటిపట్టున ఉంటున్న వగ్దీకి ఉన్నది ఒక్కటే పిచ్చి. ఏ దీపమైనా సరే, దాని కింద ముందు ఎవరినో ఒకరిని కూర్చోబెట్టి "ఎలా ఉంది?" అని అడగందే ఖాయం చేయడు. ఏదో మర్యాదకి అడగడం కాదు, జవాబు చెప్పేదాకా లేవనివ్వడు. పడగ్గదికి బల్బు కొన్నప్పుడు కూరగాయల బండివాణ్ణి పైకి పిలిచి మంచం అంచున కూర్చోబెట్టాడు. ఆ సంగతి తలుచుకుంటే ఆయన భార్య ఇన్సాఫ్‌కి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

స్టూడియో ఉన్న రోజుల్లో ఈ పిచ్చి ఎవరికీ అడ్డురాలేదు. పాస్‌పోర్టు ఫొటోకి వచ్చినవాడు ఎలాగూ దీపం కింద కూర్చోక తప్పదు. అసలు గొడవ పగడంతో మొదలైంది.

ఒక స్నేహితుడు తన తొట్టిలోంచి మెత్తని పగడం ముక్క ఒకటి కోసి ఇచ్చాడు. రాయిలా గట్టిపడే జాతి కాదది. పుట్టగొడుగులా ఉండి, నీళ్ళలో చిన్న చిన్న వేళ్ళు చాపుకుని ఊగుతుంది. వగ్దీ ముందుగదిలో సోఫా జరిపి ఉప్పునీళ్ళ గాజుతొట్టి పెట్టాడు.

"దీనికి వెలుతురే అన్నం," అని స్నేహితుడు ముందే చెప్పాడు. "ఎక్కువైతే ముడుచుకుపోతుంది. తక్కువైతే వెలుతురు కోసం మెడ సాగదీసి పీలగా అయిపోతుంది. దీపం చూసి పెట్టుకో."

చూసి పెట్టుకోమని వగ్దీతో అన్నాడు. ఇంకేముంది.

వారం తిరిగేసరికి ముందుగది కప్పు నుంచి, బట్టలారేసుకునే తాళ్ళతో, పదకొండు దీపాలు వేలాడాయి. తెల్లవి, నీలివి, ఊదావి. వాటి కింద ఒక కుర్చీ.

"తొట్టి అక్కడుంటే కుర్చీ ఇక్కడెందుకు?" అంది ఇన్సాఫ్.

"పగడానికి నోరు లేదు కదే. దాని తరఫున ఎవరో ఒకరు చెప్పాలి."

ముందుగా ఆమెనే కూర్చోబెట్టి నీలిదీపం వేశాడు.

"ఎలా ఉంది?"

"పొయ్యి మీద ములూఖియా ఆకుకూర మాడుతున్నట్టుంది."

"అలా కాదు. నువ్వొక పగడానివి అనుకో."

"పగడాన్నైతే నిన్ను చేసుకునేదాన్నా?"

వగ్దీ ఆ జవాబు కూడా నోటుబుక్కులో రాసుకున్నాడు. తర్వాత మాంసం కొట్టు రగబ్ వంతు వచ్చింది. అతను పావుగంట ఊదాదీపం కింద కూర్చుని, చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకుని, "ఉస్తాద్ వగ్దీ, ఇది మా కొట్లో పెడితే నిన్నటి మాంసం కూడా ఇవాళే అమ్ముడుపోతుంది" అని, ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని మరీ వెళ్ళాడు. గ్యాసు బండ తెచ్చినవాడు తెల్లదీపం కింద గురకపెట్టి నిద్రపోయాడు. నిద్ర రావడం పగడానికి మంచి లక్షణమా, చెడ్డ లక్షణమా అని వగ్దీ రెండు రోజులు తల పట్టుకుని ఆలోచించాడు.

ఇదంతా ఇన్సాఫ్ భరించింది. భరించలేకపోయింది ఉస్తాద్ నోమాన్ విషయం ఒక్కటే.

నోమాన్ పై అంతస్తులో ఉంటాడు. భూగోళం మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. చలికాలంలో ఆయన భార్య తహానీ పోయింది. అప్పట్నించీ ఆయన తలుపు తీయడం మానేశాడు. ఇన్సాఫ్ నాలుగుసార్లు పళ్ళెం పట్టుకుని మెట్లెక్కితే నాలుగుసార్లూ "ఆకలి లేదమ్మా" అని లోపల్నించే జవాబు వచ్చింది. అలాంటి మనిషి తలుపు వగ్దీ వెళ్ళి దబదబా బాదాడు. "నా పగడం చచ్చిపోయేలా ఉంది. మన వీధిలో అందరివీ మొద్దు చర్మాలు. దీపం తేడా తెలిసే మనిషి మీరొక్కరే" అని, నలిగిన పొడుగు అంగీ గలాబియాతో, మాసిన గడ్డంతో ఉన్నవాణ్ణి ఉన్నట్టే కిందికి లాక్కొచ్చాడు.

"దుఃఖంలో ఉన్న మనిషిని కూడా వదలవా, వగ్దీ? నీకేమైనా సిగ్గుందా?" అంది ఇన్సాఫ్ వంటింట్లోకి పిలిచి.

"పది నిమిషాలేగా."

ఆ పది నిమిషాలు రోజువారీ అలవాటయ్యాయి. ఉదయం పదింటికి బెల్లు మోగేది. నోమాన్ వచ్చి కుర్చీలో కూర్చునేవాడు. వగ్దీ దీపం వేసి "ఎలా ఉంది?" అనేవాడు. నోమాన్ "ఏమో" అనేవాడు. రెండు నెలలు గడిచాయి గానీ దీపం మాత్రం ఖాయం కాలేదు.

ఇంతలో దమన్‌హూర్ నుంచి ఇన్సాఫ్ చెల్లెలు ఫోన్ చేసింది. కూతురికి సంబంధం కుదిరేలా ఉందనీ, అబ్బాయి వాళ్ళది అలెగ్జాండ్రియాయే కాబట్టి గురువారం సాయంత్రం మీ ఇంట్లో కూర్చుని మాట్లాడుకుందామనీ చెప్పింది. ఇన్సాఫ్ ముందుగదిలోకి వచ్చి తలెత్తి కప్పు వైపు చూసింది. ఈ నీలి వెలుతుర్లో కూర్చోబెడితే అబ్బాయి వాళ్ళు సముద్రంలోంచి తీసిన శవాల్లా కనిపిస్తారు.

"రేపు బుధవారం. రేపటికల్లా ఏదో ఒక దీపం ఖాయం చేసి మిగతావి దించెయ్," అంది. "లేదా సంబంధం మాట్లాడ్డానికి నేనే దమన్‌హూర్ పోతాను. మళ్ళీ రాను. నువ్వూ నీ పగడమూ కాపరం చేసుకోండి."

వగ్దీ మొహం వాడిపోయింది. "అలాగే" అన్నాడు.

బుధవారం ఉదయం వగ్దీ నిచ్చెన కోసం కిందికి దిగాడు. సోఫా దులుపుతున్న ఇన్సాఫ్ చేతికి దిండు వెనక నోటుబుక్కు దొరికింది. ఇన్నాళ్ళూ ఏం వెలగబెట్టాడో చూద్దామని తెరిచింది. నాలుగో పేజీలోనే ఉంది: "తొట్టికి చిన్న నీలిదీపం సరిపోయింది. పగడం పూర్తిగా విచ్చుకుంది. ఇక మార్చనక్కర్లేదు." తేదీ చూస్తే రెండు నెలల కిందటిది.

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. మరి ఆ తర్వాత పేజీలన్నీ దేనికి?

"మొదటి రోజు. పది నిమిషాలు. మాట లేదు. టీ ముట్టలేదు."

పగడానికి టీ కూడా పోశాడా, అనుకుంది. ఈయన్ని ఇక ఆసుపత్రిలో చేర్పించాల్సిందే.

"ఆరో రోజు. పదిహేను నిమిషాలు. టీలో చక్కెర చాల్లేదని ఫిర్యాదు. పదకొండో రోజు. గడ్డం నున్నగా గీసి ఉంది. పంతొమ్మిదో రోజు. ఇస్త్రీ చొక్కా."

ఇస్త్రీ చొక్కా దగ్గర ఇన్సాఫ్ చేతిలో దుమ్ముగుడ్డ ఆగిపోయింది.

"ముప్పై రెండో రోజు. అరగంట. వంటింట్లోంచి చేప వేపుడు వాసన. తహానీ అయితే జీలకర్ర ఇంకాస్త వేసేది అన్నాడు. ఆవిడ పేరు నోటికి రావడం ఇదే మొదలు." చివరి పేజీలో ఒకటే వాక్యం ఉంది: "దీపం ఖాయమైపోయిందంటే నోమాన్‌కి రేపు మెట్లు దిగాల్సిన పని ఉండదు."

ఇన్సాఫ్ సోఫా మీద కూలబడింది. నాలుగు పళ్ళేలు పట్టుకెళ్ళి తను తీయించలేకపోయిన తలుపది. ఈ పిచ్చివాడు రోజూ తన చేత తిట్లు తింటూ దాన్ని తీయించాడు. పైగా ఒక్క ముక్క చెప్పలేదు. ఆమెకి చచ్చేంత సిగ్గేసింది. మొగుడి మీద గర్వం కూడా కలిగింది గానీ, అది ఆయనకి తెలిస్తే నెత్తికెక్కి కూర్చుంటాడని నోటుబుక్కు ఉన్నచోటే పెట్టేసింది.

నోమాన్ పదింటికి వచ్చేసరికి వగ్దీ నిచ్చెన మీద ఉన్నాడు. అప్పటికే ఏడు దీపాలు దించేశాడు.

"అయిపోయింది, ఉస్తాద్," అన్నాడు ఆయన మొహం చూడకుండా. "ఆ చిన్న నీలిదే ఖాయం చేశాను. మీకు చాలా శ్రమ ఇచ్చాను."

నోమాన్ గుమ్మంలోనే ఆగాడు. "అలాగా. మంచిది," అన్నాడు. "పగడం బాగుంది కదా, అంతే చాలు." మెట్ల వైపు తిరిగాడు.

"ఎవర్నడిగి ఖాయం చేశావు?" అంది ఇన్సాఫ్.

వగ్దీ నిచ్చెన మీదే బిగుసుకుపోయాడు. "నువ్వేగా..."

"నేనా? ఆ నీలిది నాకు నచ్చలేదు. తొట్టి నా ఇంట్లో ఉంది, రోజూ దాని అద్దాలు తుడిచేది నేను. రెండు నెలలు వెతికి వెతికి ఎంచింది ఇదా? దించినవన్నీ మళ్ళీ కట్టు." నోమాన్ వైపు తిరిగింది. "ఉస్తాద్, మీరొచ్చి కూర్చోండి. రేపు పొద్దున పదింటికీ రావాలి, సాయంత్రమూ రావాలి. మా చెల్లెలి కూతురి సంబంధం మాట్లాడ్డానికి అబ్బాయి వాళ్ళు ఆరుగురు వస్తున్నారు. ఒక్కొక్కళ్ళనీ దీపం కింద కూర్చోబెట్టి అడగాలి. ఈయన ఒక్కడి వల్ల అయ్యే పని కాదిది."

వగ్దీ భార్య వైపూ, సోఫా మీది దిండు వైపూ మార్చి మార్చి చూశాడు. తర్వాత తాడు అందుకున్నాడు.

నోమాన్ మెల్లగా లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కప్పుకి మిగిలిన నాలుగు దీపాల వైపు చూస్తూ చాలాసేపు ఆలోచించాడు.

"అబ్బాయి తల్లిని మాత్రం ఆ తెల్లదాని కింద కూర్చోబెట్టకండి, ఇన్సాఫ్ గారూ," అన్నాడు. "ఉన్న ముడతలన్నీ బయటపడతాయి. సంబంధం తప్పిపోతుంది."