అన్నం మాడుతోందని ఆపేసిన ప్రార్థన

మేం చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు... మా మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో సాయంత్రం ఐదయితే చాలు, పిల్లలందరూ గ్రౌండ్‌లో ఉండేవాళ్ళు. నేను మాత్రం మెడ దాకా గుండీలు పెట్టుకున్న తెల్లచొక్కాలో, వరండాలో ముక్కాలిపీట మీద కూర్చుని బైబిల్ వాక్యాలు కంఠతా పట్టేవాణ్ణి.

"ఏం పాస్టర్‌సాబ్, ఒక్క ఓవరన్న ఆడరాదు?" అని గోడ మీంచి అరిచేవాళ్ళు. ఒళ్ళు మండిపోయేది నాకు.

సంగతేంటంటే, నేను పుట్టకముందే నా ఉద్యోగం ఖాయమైపోయింది! నాకు ముందు ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయారట. మూడోసారి అమ్మ మోకాళ్ళ మీద పడి, "ఈ బిడ్డ బతికితే నీ సేవకే ఇచ్చేస్తాను ప్రభువా" అని మాటిచ్చింది. నేను బతికాను. అంతే... ఇరుక్కుపోయాను.

అమ్మది గుంటూరు వైపు. స్కూల్లో టీచరు. నాన్న రైల్వే గార్డు, ఇంట్లో ఉన్న రోజులకంటే బండి మీద ఉన్న రోజులే ఎక్కువ. అమ్మ నన్ను ఏనాడూ కొట్టలేదు. కొట్టినా బాగుండేది! "దేవుడికిచ్చిన బిడ్డవి నాన్నా, నువ్వలా చేస్తావా?" అనేది. ఆ మాటకి ఎదురేం చెప్తాం? గాలిపటం అన్నా అదే మాట, సినిమా అన్నా అదే మాట. చుట్టాలొస్తే మంచినీళ్ళకంటే ముందు నన్ను తెచ్చి నిలబెట్టేవాళ్ళు, ప్రార్థన చెయ్యమని.

తొమ్మిదో తరగతిలో అనుకుంటా... చర్చిలో విందు. వెనకాల రేకుల షెడ్డులో ఎల్లయ్య తాత వండుతున్నాడు. రైల్వే క్యాంటీన్‌లో వంట చేసి రిటైరైన మనిషి, మా సంఘంలో ఏ విందైనా ఆయన చేతి మీదే. అమ్మ టీ ఇచ్చి రమ్మంటే వెళ్ళాను.

"ఏంది బిడ్డా, గట్ల నిలబడ్డవ్? జెర ఈ గంటె పట్టు, నేను చాయ్ తాగుత."

పట్టాను. పెద్ద గుండిగలో బగారా అన్నానికి ఉల్లిపాయలు వేగుతున్నాయి. తిప్పుతుంటే ఉన్నట్టుండి వాసన మారింది... ఎలా చెప్పను? పచ్చివాసన పోయి తియ్యగా, ఇంకొక్క నిమిషం ఆగితే చేదెక్కేటట్టు. "తాతా, ఇంక అల్లం వెయ్యాలి" అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టి గుండిగలోకి చూశాడు, తర్వాత నా మొహంలోకి చూశాడు. "ఎవలు నేర్పిన్రు నీకు?"

ఎవరూ నేర్పలేదని తల అడ్డంగా ఊపాను.

"ముక్కు మంచిగున్నది రా నీది. గిది అందరికి రాదు."

అయ్యో, ఎంత పొంగిపోయానో! దేవుడిది కాకుండా, అమ్మది కాకుండా, నాదంటూ నాకొకటుందని అప్పుడే తెలిసింది. ఆ తర్వాత ప్రతి విందుకీ ఏదో సాకుతో షెడ్డులో దూరేవాణ్ణి. పొగకి కళ్ళు మండేవి కానీ, ఊపిరాడేది మాత్రం నాకు అక్కడే.

ఇంటర్ మొదటి ఏడాది... సంఘ వార్షికోత్సవం. భోజనాల ముందు ప్రార్థన నన్నే చెయ్యమన్నారు. మైకు చేతికిచ్చారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఎల్లయ్య తాత కూడా తలగుడ్డ తీసి చేతులు కట్టుకున్నాడు. రోగుల కోసం, పరీక్షలు రాసేవాళ్ళ కోసం, ప్రయాణాల్లో ఉన్నవాళ్ళ కోసం... సాగుతూ ఉంది నా ప్రార్థన. అప్పుడు తగిలింది ముక్కుకి. అన్నం అడుగంటుతోంది. రెండొందల మంది తినాల్సిన అన్నం!

"...ఆమెన్!" అనేసి, మైకు పక్కాయన చేతిలో కుక్కి పరిగెత్తాను. పొయ్యిలో నిప్పులు బయటికి లాగేశాను. అన్నం దక్కింది. పరువు దక్కలేదు. సంఘపెద్ద ఒకాయన అందరూ వినేలా, "దేవుణ్ణి సగంలో వదిలేసి పోయావేంటయ్యా!" అన్నాడు. జనం పగలబడి నవ్వారు. అమ్మ ఒక్కతే నవ్వలేదు.

ఇంటికొచ్చాక అడిగింది. "ప్రార్థన అయ్యాక చూడొచ్చుగా?"

"అప్పటికి మాడిపోయేదమ్మా."

"మాడితే మాడేది!"

"నా వల్ల కాదమ్మా. మైకు పట్టుకుంటే చచ్చిపోతున్నట్టుంటుంది. నేను వంటే చేస్తాను."

"నేను దేవుడికి మాటిచ్చాను రా..."

"నన్ను అడిగిచ్చావా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అమ్మ లేచి లోపలికెళ్ళిపోయింది. ఆ పైన ఏడాది పాటు మా ఇంట్లో ఆ ఊసే లేదు. నన్ను షెడ్డు వైపు వెళ్ళనివ్వలేదు. మళ్ళీ అదే వరండా, అవే వాక్యాలు. ఇంటర్ అవగానే పాస్టర్ ట్రైనింగ్‌కి పంపిస్తారని అందరికీ తెలుసు. జైలుకి వెళ్ళబోయేవాడిలా రోజులు లెక్కపెట్టుకున్నాను.

పరీక్షలయ్యాక ఒక మధ్యాహ్నం బల్ల మీద ఫారం కనపడింది. దైవసేవ ట్రైనింగ్‌ది. అంతా నింపేసి ఉంది. ఇంక తప్పదని సంతకానికి పెన్ను తీశాను. పైన పేరు చూశాను... నాది కాదు. అమ్మది.

"మాటిచ్చింది నేను కదరా. నేనే వెళ్తాను" అంది అమ్మ, చేటలో బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా. "నువ్వెళ్ళి ఆ హోటలు చదువేదో చదువుకో."

ఇంకో రెండేళ్ళుంటే హెడ్‌మిస్ట్రెస్ అయ్యేది అమ్మ. ఉద్యోగం మానేసింది. ఓపికున్నన్నాళ్ళూ గొడుగేసుకుని సీతాఫల్‌మండి సందుల్లో ఇల్లిల్లూ తిరిగి ప్రార్థనలు చేసింది. నేను వంటవాణ్ణయ్యాను. నా చేతి వంట తిని జనం మెచ్చుకుంటుంటే సంతోషంగానే ఉంటుంది... కానీ ఆ ఇరుకులోంచి నేను బయటపడలేదు, నా చోట్లో అమ్మని కూర్చోబెట్టి వచ్చాను అనిపిస్తుంది.

ఇప్పుడు బడికెళ్ళే వయసు నుంచే పిల్లల్ని "నీకేం ఇష్టం?" అని అడుగుతున్నారు. చాలా మంచిది. మా అమ్మకి ఏమిష్టమో మాత్రం ఎవరూ అడగలేదు... నన్ను అడిగిచ్చావా అని నిలదీసిన నేను కూడా.

మీ ఇంట్లో మీ బదులు ఎవరు వెళ్ళారు? రాయండి... కానీ వాళ్ళు ఇంకా ఉంటే, రాసే ముందు వెళ్ళి వాళ్ళకేమిష్టమో ఒక్కసారి అడగండి. నాకు ఆ వీలు లేదు.