టేకు నేల మీద దేవుడు నన్ను మాట్లాడించినాడు

ప్రభువు సన్నిధిలో కూడుకున్న సహోదరులారా, అక్కచెల్లెళ్లారా, మీ అందరికీ నా వందనాలు. నా పేరు యాకోబు, మాది ఆళ్లగడ్డ, నేను వడ్రంగిని. నాకు రెండు చెవులూ వినపడవు, నా గొంతు నాకే వినపడదు, కాబట్టి మరీ గట్టిగా మాట్లాడినా, మాట వంకరపోయినా ఓర్చుకోండి.

కొన్నేండ్ల కిందట నాకు విషజ్వరం వచ్చింది. ఇదే నంద్యాలలో ఒక ఆసుపత్రిలో తెలివి లేకుండా పడి ఉంటే, ఇక మనిషి దక్కడనే అందరూ అనుకున్నారు. దేవుడు ప్రాణం నిలిపినాడు. కానీ కండ్లు తెరిచేసరికి నా భార్య రూతమ్మ నోరు కదులుతా ఉంది, మాట లేదు. పైన ఫ్యాను తిరుగుతా ఉంది, చప్పుడు లేదు. చెవుల్లో ఎవరో దూది పెట్టినారనుకుని వేలు పెట్టి చూసుకున్నాను, ఏమీ లేదు! నరమే చచ్చిపోయింది, చెవి మిషన్ పెట్టినా లాభం లేదని డాక్టర్లు తేల్చేసినారు.

సహోదరులారా, గుడ్డివాణ్ణి చూస్తే జనం చెయ్యి పట్టుకుంటారు, చెవిటివాణ్ణి చూస్తే విసుక్కుంటారు. మొదట్లో నా దగ్గరికొచ్చి అరిచి మాట్లాడేవాళ్లు, తర్వాత చేతులతో సైగ చేసేవాళ్లు, ఆ తర్వాత నన్ను దాటుకొని పోయి నా భార్యతో మాట్లాడి వెళ్లిపోయేవాళ్లు. ఒకరోజు టీ అంగట్లో నేనేదో అంటే అందరూ ఒక్కసారిగా నా వైపు తిరిగి నవ్వినారు. నా గొంతు మారిపోయి ఏదో జంతువు అరిచినట్టు వస్తాందని అప్పుడు నాకు అర్థమైంది. ఆ పొద్దు నుంచి నోరు మూసుకున్నాను. ఇంట్లో కూడా మాట్లాడటం మానేసినాను. అన్నం కావాలంటే పళ్లెం చూపిస్తాను, నీళ్లు కావాలంటే చెంబు చూపిస్తాను, అంతే.

మందిరానికి పోవడం కూడా నిలిపేసినాను. జ్వరం రాకముందు మా మందిరంలో డోలక్ వాయించింది నేనే! ఇప్పుడు ఇంకెవరో వాయిస్తా ఉంటే, చేతులు పడటం చూస్తాను, అందరి నోళ్లూ తెరుచుకోవడం చూస్తాను, నేను మాత్రం అద్దం బయట నిలబడినట్టు ఉంటాను. ఎట్లా కూర్చోవాల? పనిచేసే షెడ్డులో ఒక్కడినే కూర్చుని, "ప్రభువా, నా చెవులన్నా ఇయ్యి, లేదంటే నన్నన్నా తీసుకుపో" అని మనసులోనే ఏడ్చేవాణ్ణి. ఏ జవాబూ రాలేదు. వచ్చినా నాకు వినపడదు గదా అని నాలో నేనే అనుకునేవాణ్ణి.

అట్లాంటి కాలంలో మా పాస్టర్ అయ్యగారు ఒక పెద్దామెను వెంటబెట్టుకొని షెడ్డుకు వచ్చినారు. ఆమె బండి ఆత్మకూరు ఊరి గ్రేసమ్మ టీచరమ్మ, మా మందిరం మనిషే, భర్త పోయి ఒంటరిగా ఉంటాంది, పిల్లలు లేరు. మా మందిరం కట్టింది నల్లరేగడి మీద. ఎండాకాలం నేల బీటలిస్తుంది, వానాకాలం ఉబ్బుతుంది, బలిపీఠం ముందర పరిచిన బండలు ఎన్నిసార్లు సరిచేసినా లేచిపోతాండాయి, ముసలివాళ్లు తట్టుకొని పడతాండారు. అందుకని అక్కడ బండలు తీసేసి చెక్క నేల వేయాలని, దానికి టీచరమ్మ తన చేని గట్టు మీది టేకుచెట్లు ఇస్తాదని అయ్యగారు నా పెన్సిలు తీసుకొని ఒక చెక్క పలక మీద రాసి చూపించినారు.

నేను తల అడ్డంగా ఊపినాను. వేరేవాళ్లను చూసుకోండని చెయ్యి ఊపినాను. అప్పుడు టీచరమ్మ ఆ పెన్సిలు తీసుకొని అదే పలక మీద రాసింది: "నాయనా, ఆ చెట్లు మా ఆయన నాటినవి. కొట్టేటప్పుడు నా పక్కన నిలబడే మనిషి లేడు. నువ్వు వస్తావా?"

ఎట్లా రానని చెప్పేది? పోయినాను. చెట్టు పడినప్పుడల్లా కాళ్ల కింద భూమి అదిరింది, ఆమె నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె పక్కన నిలబడి ఉంటే, ఇంత ఒంటరితనం నా ఒక్కడిదే కాదని మొదటిసారి అనిపించింది.

మొద్దులు కోయించి, పలకలు నీడన పేర్చి బాగా ఆరనిచ్చి, ఎండాకాలంలో పని మొదలుపెట్టినాను. నేలకు జానెడు ఎత్తున దూలాలు పరిచి, ఒక్కో పలకా చిత్రిక పట్టి, ఒకదాని అంచు ఇంకోదాని గాడిలో కూర్చుకుంటా పోయినాను. ఖాళీ మందిరం, సుత్తి పైకి లేచి పడుతుంది, చప్పుడు లేదు. పని అయిపోయి నూనె పట్టించేసరికి ఆ టేకు తేనెరంగు తిరిగింది. టీచరమ్మ వచ్చి వంగి దాన్ని అరచేత్తో నిమిరింది. నాకు చాలా సంతోషమైంది!

ఆదివారం నేనూ పోయినాను. అయ్యగారు వాక్యం చెప్పడానికి ఆ నేల మీద అడుగు పెట్టినారు, ముందు వరుసలో వాళ్ల ముఖాలు ముడుచుకుపోయినాయి. ఇంకో అడుగు వేసినారు, పిల్లలు నోటికి చేతులు అడ్డం పెట్టుకొని నవ్వినారు. రూతమ్మ వైపు చూస్తే తల దించుకుంది. అప్పుడు నాకు అర్థమైంది, నేల కిర్రుమంటాంది! నేను వేసిన నేల అడుగడుగునా కిర్రుమంటాంది, ఊరందరికీ వినపడతాంది, నాకు తప్ప! సహోదరులారా, ఆ పొద్దు నేను మందిరం వెనక గోడకు ఆనుకొని, "ఎందుకు ప్రభువా నన్ను బతికించినావు" అని అడిగినాను.

మర్నాడు రూతమ్మే నా చెయ్యి పట్టుకొని మందిరానికి లాక్కొని పోయింది. చెప్పులిడిచి నేల మీద నిలబడి, నన్ను పడుకోమని చూపించింది. చొక్కా విప్పి, బోర్లా పడుకొని, దవడ చెక్కకు ఆనించినాను. ఆమె నడిచింది. మంచి పలక మీద ఆమె అడుగు మెత్తగా నా రొమ్ముకు తగిలింది, చెడ్డ పలక మీద దవడ పండ్లలో జుమ్మని వచ్చింది! పలకలు ఒరుసుకునే చోటు దొరికింది! పలక ఊడదీయడం, అంచు గీయడం, మరలు బిగించడం, మల్లా పడుకోవడం, మల్లా ఆమె నడవడం, ఇట్లా పలక వెంట పలక సరిచేసుకుంటా పోయినాము.

అట్లా పడుకొని ఉండగా ఆమె నడవటం ఆగింది. అయినా నా రొమ్ము కింద చెక్క వణుకుతానే ఉంది, సన్నగా, ఆగి ఆగి. తలెత్తి చూస్తే రూతమ్మ మోకాళ్ల మీద ఉంది, రెండు చేతులూ చెక్కకు ఆనించి, కండ్లు మూసుకొని, ఏడుస్తా ప్రార్థన చేస్తాంది. ఆమె ఏడుపే నాకు తగిలింది.

నాకు తెలియకుండానే నోరు తెరిచినాను. "రూతూ, ఏమంటాండావే?" అన్నాను.

ఆమె ఉలిక్కిపడి కండ్లు తెరిచింది. నా ముఖం రెండు చేతుల్లోకి తీసుకొని, నాకు అర్థమయ్యేటట్టు పెదాలు నిదానంగా కదిలించింది. "మల్లా అనయ్యా. ఇంగోసారి అను."

తర్వాత రాసి చూపించింది తన ప్రార్థన ఏమిటో. "ప్రభువా, ఈయనకు చెవులు ఇయ్యకపోయినా సరే, ఈయన మాట నాకియ్యి, ఇంట్లో నేనొక్కదాన్నే అయిపోయినాను" అని నేను నోరు మూసుకున్నప్పటి నుంచి అడుగుతాందంట! నేను చెవులకోసం ఏడుస్తా ఉంటే, ఆమె నా మాటకోసం ఏడ్చింది. దేవుడు ఆమె ప్రార్థన విన్నాడు. ఆయన నామానికే స్తోత్రం!

ఆ నేల ప్రతిష్ఠ రోజున అయ్యగారు అడుగు పెట్టినారు, ఒక్క ముఖమూ ముడుచుకోలేదు. డోలక్ ఆ చెక్క మీదనే పెట్టినారు. పాట ఎత్తుకోగానే నా అరికాళ్లలోకి తాళం వచ్చింది, మోకాళ్లదాకా ఎక్కింది! నేను పాడినాను. శ్రుతి ఉందో లేదో నాకు తెలియదు, ఎవరూ నవ్వలేదు, టీచరమ్మ నా పక్కకు వచ్చి నిలబడింది.

నా చెవులు ఈ పొద్దుకీ తెరుచుకోలేదు. ఈడికి వస్తా బస్సులో అందరూ మాట్లాడుకుంటా ఉంటే నేను కిటికీలోంచి శిరివెళ్ల చేలు చూసుకుంటా వచ్చినాను. ఒంటరితనం పూర్తిగా పోయిందని చెబితే అబద్ధమవుతుంది. కానీ ఇంటికి పోతే నేను మాట్లాడతాను, ఆమె నవ్వడం చూస్తాను, అది చాలు.

మీలో ఎవరన్నా ఎంత అడిగినా దేవుడు పలకడం లేదని కుమిలిపోతాంటే, ఆయనను వదిలిపెట్టొద్దండి, ఆయన చేతిలోకి రండి. మీ ఇంట్లో నోరు మూసుకొని కూర్చున్న మనిషి ఉంటే, ఆ మనిషి కోసం ఈ పొద్దే మోకాళ్లూనండి. దేవునికే మహిమ కలుగును గాక, ఆమెన్.